మా తాత విచారణలో పోయాడు

దయ్యం అనే మాట దైవ శబ్దానికి వికృతి అని ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు పాఠం చెప్పాను. దయ్యంతో నాకున్న పరిచయం అంతవరకే. శ్మశానం పక్క ఇంట్లో అద్దెకుండి, వానాకాలం రాత్రుల్లో నిశ్చింతగా ప్రబంధాలు చదువుకున్నవాణ్ణి. ఎవరైనా తమ అనుభవం చెప్పబోతే, ముందు ఒళ్లు వెచ్చగా ఉందేమో చూసుకోమని నవ్వేవాణ్ణి. ఇది చదివి మీరూ అలాగే నవ్వవచ్చు. జరిగినదాన్ని జరిగిన వరసలో చెప్పడమే నేను చేయగలిగింది.

మాది క్రైస్తవ కుటుంబం. నేను విజయనగరంలో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించాను. పెరిగింది నెల్లిమర్లలో. అక్కనూ నన్నూ పెంచింది నాయనమ్మ సంతోషమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్లు తిరిగి, మా నాన్నను చదివించిన మనిషి. ఆమె కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు లేవు. మిగిలిన రెండు వేళ్లనూ పట్టకారులా వాడి చేపను పట్టుకొనేది. ఆ ఒడుపు చూసి చిన్నప్పుడు ముచ్చటపడేవాళ్లం.

ఆమె ఉన్న ఇంట్లో తలుపుకు గడియ పడకూడదు. ఒకసారి దొంగలు పడి ఇత్తడి సామాను ఎత్తుకుపోయారు. అయినా ఒప్పుకోలేదు. చలికాలంలో సైతం తలుపు ఓరగా తీసి ఉండవలసిందే.

తాత గురించి ఆమె చెప్పింది జీవితం మొత్తంలో ఒకటే వాక్యం. "మీ తాత శౌరయ్య విచారణలో పోనాడు." ఎక్కడ, ఎలా అని అడిగితే గంప ఎత్తుకొని లేచి వెళ్లిపోయేది.

విచారణ అంటే మాకు తెలిసిన అర్థం పోలీసు విచారణ. ఠాణాలో తాతను కొట్టి చంపారనీ, అడ్డం వెళ్లిన నాయనమ్మ వేళ్లను బూటుకాళ్లతో నలిపారనీ మా ఇంట్లో కథ స్థిరపడిపోయింది. మొదట ఎవరు అల్లారో తెలియదు. తెల్లదొరల కాలం గనుక తాత దేశభక్తుడై ఉంటాడని నాన్న నమ్మాడు. నేను ఇంకొక అడుగు వేసి, ఆ మరణం మీద ఒక ఉత్పలమాల చెప్పి, నాన్న సంస్మరణ కూటంలో చదివాను. వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. శౌరి శబ్దం విష్ణువాచకం కాబట్టి మా పూర్వులు వైష్ణవులై ఉంటారని కూడా అప్పుడే సిద్ధాంతం చేశాను.

విరమించాక వంశచరిత్ర రాయాలనిపించింది. పాత కాగితాలు చూడనిచ్చిన చోటల్లా చూశాను. ఏ నేరంలోనూ, ఏ ఠాణాలోనూ, ఏ చెరసాలలోనూ మా తాత లేడు.

అలా ఉండగా శిష్యుడొకడు కూతురి పెళ్లికి పిలిచాడు. వాళ్లూ క్రైస్తవులే గాని సంఘం వేరు. గుడి నిండిపోయింది. మైకులో ఎవరో, "మన విచారణ పెద్దలు ముందు వరసల్లోకి రావాలి, విచారణ యువకులు భోజనాల దగ్గరకు వెళ్లాలి" అంటున్నారు. పక్కన కూర్చున్నాయనను విచారణ అంటే ఏమిటని అడిగాను.

"ఏటి మేస్టారూ, తెలుగు పండితులై ఉండి నన్నడుగుతన్నారా? ఒక గురువుల కింద ఉన్న గుడీ, ఆ గుడి కిందున్న ఊళ్లూ. అదే విచారణ. గుడినీ ఆ మాటే అంటారు. మీ సంఘంలో ఈ మాట నేదా?"

మా సంఘంలో ఆ మాట లేదు. నాయనమ్మ ఎక్కడినుంచో నెల్లిమర్లకు వచ్చి, కొడుకును అక్కడ ఉన్న బడిలో వేసింది. ఆ బడి వేరే సంఘం వాళ్లది. ఆమె నోట పాత మాట మిగిలింది, మా చెవిని పాత అర్థం చేరలేదు. శౌరయ్య కూడా విష్ణువు కాడట. ఆ సంఘం వాళ్లు కొలిచే ఒక పునీతుడి పేరు తెలుగు నోట పడి అలా మారిందట.

మా తాత చనిపోయింది గుడిలో.

అక్క రత్నమ్మకు ఈ సంగతి చెబితే బోసినోటితో చాలాసేపు నవ్వింది. "పద్యాలు కట్టీసినావు గాని, ముసిల్దాని ఒక్క మాటకి అర్థం సెప్పలేకపోనావు గదరా పండితుడా!"

నవ్వు ఆపి, కొంగుతో ముఖం తుడుచుకొని అంది: "ఆ గుడెక్కడో ఎతుకు. తాత పోయినకాడి మట్టి గుప్పెడు తెచ్చి నాయనమ్మ సమాధిలో పెడదాం. ఒంటరిగా పడుంది ముసిల్ది. నాను పోయేలోపల ఇదొక్కటి అవ్వాల." అక్కకు ఎనభై దాటాయి. గుండె సగం శక్తితోనే నడుస్తోందని వైద్యులు చెప్పి అప్పటికే చాలాకాలం అయింది. అందుచేత ఆ మట్టి కోసం నేను పడిన తొందర వంశచరిత్ర కోసం ఎన్నడూ పడలేదు.

శిష్యుడి ద్వారా వాళ్ల సంఘపు పాదిరీ అయిన ఒక వృద్ధ గురువును కలిశాను. నాయనమ్మ ఎండుచేపల గంప సంగతి విని, భోగాపురానికి అవతల, సముద్రపొడ్డున ఒక విచారణ ఉండేదనీ, పెద్ద గాలివానకు నేలమట్టమైపోతే తిరిగి కట్టలేదనీ తాము చిన్నప్పుడు విన్నామని చెప్పారు. ఊరి పేరు వారికీ గుర్తులేదు. నేను ఒడ్డువెంట ఊరూరా అడుగుతూ పోయాను. చివరికి ఒక టీకొట్టులో ఒకాయన వెంటనే అందుకున్నాడు.

"విచారణ దిబ్బా? ఉన్నాది బాబూ. అప్పట్లో జమీందారు మనుసులు దొంగల్ని అక్కడ కట్టీసి, ఇచారణ సేసి కొట్టీవోరంట. మావోలు ఆ దిబ్బ మీద ఇప్పటికీ వల ఆరెయ్యరు."

నాకు నవ్వు వచ్చింది. ఒక మాటకు అర్థం పోతే ఊరు ఊరంతా నాలాగే ఒక ఠాణాను కల్పించుకుంది. ఆయనే చెప్పాడు, కొత్త రోడ్డు అటే వేస్తున్నారనీ, దిబ్బను చదును చేసే యంత్రాలు ఇప్పటికే వచ్చి ఉన్నాయనీ. ఇక ఆగే వీలు లేకపోయింది.

మర్నాడే అక్క కొడుకు ప్రకాశం కారులో మమ్మల్ని తీసుకువెళ్లాడు. బ్యాంకులో పనిచేసి విరమించినవాడు, నెమ్మదస్తుడు. మంచి ఎండ. ఆకాశంలో మబ్బుతునక లేదు. సముద్రం పళ్లెంలో నీళ్లలా కదలకుండా ఉంది. ఈ సంగతులు చెప్పడం నా తరువాతి మాటలకు అవసరం.

దిబ్బ మీద సరుగుడు చెట్లు, పొదలు. యంత్రం ఒక పక్క మట్టి గీకి వదిలేసిన చోట రాతిగడప బయటపడి ఉంది. దానికి రెండువైపులా గోడ మొదళ్లు. ఒకవైపు రాతిలో చదరపు గుంట కనిపించింది. అడ్డగడియ దూర్చడానికి చేసిన గుంట. అక్క గడప దాటి లోపల కూర్చొని, చేత్తో మట్టి తీసి గుడ్డలో పోసుకుంటోంది. ఎదురుగా సరుగుడు నీడలో ఒక ముసలాయన వల బాగుచేస్తున్నాడు. ప్రకాశం మంచినీళ్ల కోసం ఆయన దగ్గరకు వెళ్లాడు. నాకు ఎండ సోకి కళ్లు తిరిగినట్టనిపించి, కారు వెనుకసీటులో కూర్చొని, గాలికోసం తలుపు జానెడు తీసి ఉంచాను. నా చేతికర్ర ఒళ్లో ఉంది. విరమించిన రోజున శిష్యులు ఇచ్చిన నల్లని నునుపు కర్ర అది.

మొదట చెవులు మూసుకుపోయాయి, నూతిలో మునిగినప్పటిలాగా. తరువాత కారులో వెలుతురు తగ్గింది. నిద్రపట్టిందేమో అనుకున్నాను. నిద్రలో మనిషికి వీపు మీద మోకాళ్లు గుచ్చుకోవు. నా వెనుక మనుషులు ఉన్నారు. కిక్కిరిసి ఉన్నారు. తడిసిన బట్టల వాసన, చంటిపిల్లల పాలవాసన, నూనెదీపం ఆరిన కమురు. గోడలవతల ఏదో భయంకరంగా ఊగుతోంది. నా వీపును తోస్తూ అందరూ ఒకటే మాట అరుస్తున్నారు. "ముయ్యి! ముయ్యి!"

ఎదుట తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులో చేతులు ఉన్నాయి. ఒకటి కాదు, పైనుంచి కిందిదాకా చేతులే. తడిసి ముడతలు పడిన వేళ్లు తలుపు అంచును పట్టుకొని లాగుతున్నాయి. తలుపు తెరుచుకుంటే లోపలున్న మేమంతా పోతామని నాకు తెలుసు. ఎలా తెలుసునని అడగవద్దు. నా పేరు నాకు తెలిసినట్టే అదీ తెలుసు.

నేను తలుపు లాగాను. వేళ్లు అడ్డం వచ్చాయి. మళ్లీ తెరిచి మళ్లీ లాగాను. ఎముక విరిగిన చప్పుడు ఎండుకమ్మ విరిగినట్టుంది. కొన్ని చేతులు జారిపోయాయి, కొన్ని పోలేదు. చేతిలో ఉన్నదానితో పొడిచాను, కొట్టాను. నెత్తురు నా ముఖం మీద చిందింది, వెచ్చగా. చివరికి ఒక చేయి మిగిలింది. ఎంత కొట్టినా అది వదలలేదు. అవతల ఒక ఆడగొంతు. "దాసుగుంటడి అయ్యా! తలుపు తియ్యి! సంకలో గుంటడున్నాడు, తలుపు తియ్యి!"

నేను కాలు తన్నిపెట్టి, రెండు చేతులా తలుపు లాగి, అలాగే బిగబట్టి ఉన్నాను.

తరువాతిది ప్రకాశం చెప్పగా తెలిసింది. అరుపులు విని, అతనూ ఆ ముసలాయనా పరుగెత్తుకొచ్చారు. అక్క మట్టిమూట ఎడమచేత పట్టుకొని, కుడిచేయి కారు తలుపులో ఇరుక్కొని, మోకాళ్ల మీద కూలబడి ఉంది. ఎంత లాగినా ఆ తలుపు రాలేదు. ప్రకాశం రెండోవైపు అద్దాన్ని రాయితో పగలగొట్టి లోపలికి వచ్చాడు. నేను కర్రతో అతని నుదురు చీల్చాను. మెట్లెక్కడానికి చేయూత అడిగే నా వయసు మనిషిని ఇద్దరు మగవాళ్లు కలిసి బయటకు ఈడ్చవలసి వచ్చింది. ఆ పెనుగులాటలో నా కంటి కింద పిడిగుద్దు పడింది, కంఠం కింద ఎముక విరిగింది. ఇసుకలో పడి, నెత్తిన ఎండ తగిలాక నాకు అక్క ముఖం కనిపించింది.

"అక్కా" అన్నాను.

అక్క కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టలేదు.

ముసలాయన పేరు పోలయ్య. తలగుడ్డ విప్పి అక్క చేతికి చుట్టి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకొని ఆసుపత్రి దాకా కారులో మాతోనే వచ్చాడు. దారిలో ఒకసారి ప్రకాశాన్ని అడిగాడు. "ఈ బాబు పేరు దాసా?"

"కాదు. ఆయన వాళ్ల నాన్నని ఇంట్లో దాసు అనేవారు. ఎందుకు?"

"ఆయమ్మ 'దాసుగుంటడి అయ్యా' అని కేకేసింది. తమ్ముణ్ణి ఎవలైనా అలా పిలుస్తారేటి? పెనిమిటిని గదా అలా కొడుకు పేరెట్టి పిలుస్తారు."

కాసేపటికి పోలయ్య నా వైపు తిరిగి, "మీరెవలి మనవలు బాబూ?" అన్నాడు. నొప్పికి మాట రాక, తాత పేరు మాత్రం చెప్పాను.

"ఉపదేశి శౌరయ్యా?" అన్నాడు. ఆయన చేయి అక్క చేతిమీద ఆగిపోయింది. గురువులు ఊళ్లో లేనప్పుడు గుడి చూసుకొనేవాణ్ణి ఉపదేశి అంటారట. మా తాత ఉపదేశి అన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది.

చాలా దూరం వచ్చాక పోలయ్య చెప్పాడు. నేను అడగలేదు.

"జమీందారు, దెబ్బలు అని కుర్రోలికి సెప్తాం గాని, మా తాత నాతో ఏరేగా సెప్పినాడు. పెద్దగాలికి సముద్రం ఊరు మీదికొచ్చీసింది. కులం నేదు, మతం నేదు, అందరూ ఆ గుడిలోకే పరిగెట్టినారు. గుడి నిండిపోనాది. ఉపదేశి తలుపేసి తాడిమాను అడ్డగడి పెట్టబోనాడు. బైటోలు ఏళ్లు దూర్చి లాగినారు. తెడ్డు తీసి ఏళ్లన్నీ సితకబాదినాడు బాబూ. మా తాతది బొటనేలు పోనాది. ఆడి పెళ్లాం కూడా బైటే ఉంది, సంకలో గుంటడితోటి. ఆయమ్మని తెల్సి ఏసినాడో, తెలీక ఏసినాడో."

"బయటవాళ్లు?" అన్నాడు ప్రకాశం.

"తాడిసెట్లు పట్టుకున్నోలు కొందరు బతికినారు. లోపలోల మీద పైకప్పు కూలిపోనాది. ఒక్కడు మిగల్నేదు."

ఆ కథను నేను కారులో కూర్చోకముందు విని ఉంటే, ఎండదెబ్బకు మతిచలించి దాన్నే అభినయించానని నాకు నేనే తీర్పు చెప్పుకొనేవాణ్ణి. నేను వినలేదు. అక్కా వినలేదు.

విజయనగరం ఆసుపత్రిలో అక్క కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు తీసివేశారు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు నన్ను పిలిచి, కారు తలుపేనా అని రెండుసార్లు అడిగాడు. మాంసంలోంచి తీసిన ఒక పేడు చూపించాడు. సూదిలా వాడిగా, నల్లని ఈనెలతో ఉంది. ఈ తీరంలో పుట్టినవాడెవడూ దాన్ని పోల్చుకోలేకపోడు. తాడిమాను చేవ అది. కారంతా ఇనుమూ ప్లాస్టిక్కూ. నా చేతికర్ర మీద గీత కూడా పడలేదు.

నేను అక్క ముందుకు వెళ్లడానికి రెండురోజులు జంకాను. అక్కే కబురుపెట్టింది. ప్రకాశాన్ని బయటకు పంపించి, తలుపు తీసే ఉంచమంది. ఆమె చేయి తెల్లని మూటలా మంచం మీద ఉంది. నా కన్ను వాచి మూసుకుపోయి ఉంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"నన్ను మళ్లీ కొడతావేటిరా, అంత దూరంలో నిలుసున్నావు? రా, కూకో."

కూర్చున్నాను. దాసుగుంటడి అయ్యా అని పిలిచిన సంగతి ఆమెకు ఏమీ గుర్తులేదు. చల్లని నీళ్లు నడుము దాకా వచ్చినట్టనిపించిందనీ, తరువాత తెలియదనీ చెప్పింది. పోలయ్య చెప్పిన కథను ప్రకాశం ఆమెకు అప్పటికే చెప్పాడు.

"ఒరే తమ్ముడా. నువ్వు లోపలున్నావు. సెప్పు. ఆయనకి తెల్సా? నాయనమ్మ అని తెల్సే తలుపు లాగీసినాడా?"

నా బతుకులో నన్ను ఎవరైనా విచారణ చేశారంటే అదే. అబద్ధం చెబితే ఆ మట్టి నాయనమ్మ దగ్గరకు చేరుతుంది, అక్క కోరిక తీరుతుంది. నిజం చెబితే ఏమవుతుందో తెలియదు. అయినా ఆ చేతి ముందు కూర్చొని అబద్ధం చెప్పలేకపోయాను.

"తెలుసక్కా. గొంతు గుర్తుపట్టాను. గుర్తుపట్టాకే ఇంకా గట్టిగా లాగాను."

అక్క పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను.

"ఎనకాల పిల్లలున్నారా?"

"ఉన్నారు. చాలామంది."

"ఆయనకి తెల్సని నాయనమ్మకీ తెల్సుంటాది" అంది అక్క మెల్లగా. "తెల్సీ ఒక్క మాట అన్నేదు. విచారణలో పోనాడు, అంతే అన్నాది." నా వైపు తిరిగింది. "బతికినన్నాళ్లూ తలుపుకి గడియ పడనియ్యలేదు గదరా ముసిల్ది. ఎవలొస్తారని అనుకున్నావు?"

నేను తెరిచి ఉన్న తలుపు వైపు చూశాను.

"మట్టి పెట్టీ. నా సెయ్యి మానే దాకా ఆగకు."

ఆ మూటను ఆసుపత్రికి వచ్చినప్పుడు పోలయ్య ప్రకాశం చేతికి ఇచ్చాడు. అక్క ఆ పెనుగులాటలోనూ దాన్ని విడవలేదట. ఆ వారంలోనే నెల్లిమర్లలో నాయనమ్మ సమాధి పక్కన ప్రకాశం తవ్వగా, నేను ఒంటిచేత్తో పోశాను. పొడిమట్టి అనుకున్నది వేళ్లకు తడిగా తగిలింది. మండువేసవిలో, రోజుల తరబడి గుడ్డలో ఉన్న ఇసుక తడిగా ఎందుకుందో ప్రకాశం కూడా చెప్పలేకపోయాడు.

అక్క ఆ తరువాత ఏడాదికి కన్నుమూసింది. పోయేముందు కొన్ని నెలలు ఎడమచేత్తో తినడానికి విసుక్కొని, మిగిలిన రెండు వేళ్లనూ పట్టకారులా వాడడం నేర్చుకుంది. ఎదురుగా కూర్చొని చూడవలసివచ్చిన నాకు అదే శిక్ష. దిబ్బ ఇప్పుడు లేదు. దాని మీదుగా రోడ్డు పోతోంది.

నా ఉత్పలమాలను చించివేశాను. పోలీసులు తాతను చంపలేదు, తాత దేశభక్తుడూ కాడు. ఆయన ఏమిటో చెప్పగల పద్యం నాకు రాదు. ఆ మధ్యాహ్నం నా చేతుల్లో ఉన్న బలం ఎవరిదో, అక్క నోటికి ఆ పిలుపు ఎలా వచ్చిందో, తాడిమాను పేడు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవారు ఎవరైనా చెబితే వింటాను.

మా ఇంటి వీధితలుపు గడియను మాత్రం వడ్రంగిని పిలిచి ఊడదీయించాను. గాలి వీచినప్పుడు తలుపు దానంతటదే జానెడు తెరుచుకుంటుంది. నేను లేచి వేయను.